పున్నమి పీత

ఈ రేవు వద్దు, ఇంకొంచెం పైకి పోనిద్దామని నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాను. ఎందుకొద్దని అడుగుతారు కదా, అడిగితే ఏం చెప్పాలి, ఈ రేవు సంగతి నీకెలా తెలుసంటే ఏం చెప్పాలి. ఉత్తరపు గాలి పడిపోయింది, శియాంగ్ నదికి ఎదురుపోవాలంటే ఆ గాలి లేకుండా పని జరగదు, పడవవాళ్ళు తెరచాప దించేసి, చిన్న ఏరొచ్చి పెద్ద ఏట్లో కలిసేచోట మా పడవని గుంజకి కట్టేశారు, అంతే, ఎక్కడ ఆగకూడదనుకున్నానో సరిగ్గా అక్కడే ఆగాను. ఆ చిన్న ఏరు పట్టుకుని కాస్త పోతే రెల్లు, రెల్లు వెనక బురద, బురదలో గుంజలు పాతి వాటిమీద కట్టిన ఇళ్ళు, వాటిలో ఒకటి. చాలు, అటు చూడకు. ఇటు చూడు, అన్నగారు పడవ ముందు భాగంలో చాప పరిపించారు, సారా కూజా పెట్టించారు, తూర్పు గట్టున చెట్ల వెనక ఎర్రగా ఏదో లేస్తోంది, పడమర ఇంకా వెలుగు పోనేలేదు, అప్పుడే చంద్రుడు, నిండు చంద్రుడు. నా ఖర్మ కాకపోతే పున్నమి ఇవాళే రావాలా?

అన్నగారంటే నా తోడబుట్టిన అన్న కాదు. పెయ్ జున్ గారు, రాజధానిలో పెద్ద కొలువు చేసినవారు, పైవాళ్ళకి ఏదో కోపమొచ్చి దక్షిణాన దోమలూ జ్వరాలూ ఉండే ఒక సీమకి అధికారిగా పంపించేశారు, ఆయన వెంట రాయసం చూసుకోడానికి నేను. నన్నే ఎందుకు తీసుకున్నారంటే మాదీ పెయ్ ఇంటిపేరే కాబట్టి, పెయ్‌లంటే ఉత్తరాన హెదొంగ్ సీమ పెయ్‌లే కాబట్టి, ఒకే వంశం ఒకే ఊరు కాబట్టి. 'తమ్ముడూ' అంటారు నన్ను, నోరారా అంటారు, నాకు జ్వరమొస్తే తన దుప్పటి తెచ్చి కప్పారు. ఆయన మంచివాడు కాకపోతే ఎంత బావుండేది. ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే ఆయన పుట్టింది పెరిగింది రాజధానిలోనే, హెదొంగ్ ఎలా ఉంటుందో ఆయనా చూడలేదు, ఆయన తాత బండి దిగి వెనక్కి చూడకుండా వచ్చేశాడట. అయినా ఇద్దరం సారా తాగినప్పుడల్లా మా ఊరు మా ఊరని ఏడుస్తాం. ఆయన ఏడుపులో కనీసం తాతైనా ఉన్నాడు, నా ఏడుపులో ఎవరున్నారు?

నేను అబద్ధం చెప్పాలని బయల్దేరలేదు. రాజధానిలో దిగిన రోజున సత్రం మనిషి పేరు రాసుకుంటూ, పెయ్ వారా, హెదొంగ్ పెయ్‌లేనా అన్నాడు, ఇంకో రకం పెయ్‌లు ఈ లోకంలో లేనట్టు. ఆఁ అన్నాను. అంతే, ఒక్క ఆఁ. అక్కడందరూ అలాగే అంటారు, ఇంటిపేరుని బట్టి ఏ పెద్ద వంశం దగ్గరైతే ఆ వంశం ఊరే తమ ఊరని, గుడ్డోడూ గూనోడూ అందరూ పెద్ద వంశాలవాళ్ళే, చచ్చాక సమాధి రాయి మీదా అదే చెక్కిస్తారు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు. నేను మాత్రం అక్కడితో ఆగానా? ఆ ఊరి మీద పద్యం రాశాను, హెదొంగ్ కొండ మీద దేవదారులు, వాటి కింద వెన్నెల, దూరమైపోయిన ఇల్లు, అదంతా ఒక అద్దెగదిలో కూర్చుని ఎవరో చెప్పగా విన్న మాటలతో అల్లాను. ఊరూరా పాడారు. పాటకత్తెలు పాడారు, పడవలవాళ్ళు పాడారు, ఒక సత్రం గోడ మీద ఎవరో రాసి చుట్టూ గీత కూడా గీశారు. నిజంగా హెదొంగ్ నుంచి వచ్చిన ఒక ముసలాయన నా రెండు చేతులూ పట్టుకుని, నాయనా, ఆ చెట్ల గాలి ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే చెప్పావు అని ఏడ్చాడు. ఆ రోజు నేను గర్వపడ్డాను. సిగ్గుపడాల్సిన రోజున గర్వపడితే ఆ సిగ్గు ఎక్కడికీ పోదు, లోపలే కూర్చుని పెరుగుతుంది.

"ఏం తమ్ముడూ, మౌనం పట్టావు?" అన్నారు అన్నగారు, గిన్నె నా ముందుకి జరుపుతూ. "పడవ ఉంది, ఏరుంది, చంద్రుడొచ్చాడు, ఇల్లేమో దూరం. ఇంకేం కావాలయ్యా నీకు? కానియ్, ఒక పద్యం."

"గాలి రానివ్వండి అన్నగారూ, గాలితో పాటు అదీ వస్తుంది."

"గాలొస్తే ప్రయాణమే, పద్యమెక్కడ! ఊఁ."

సరే, కానిద్దాం, ఇది నాకు చేతనైన పనే కదా. పడవ కట్టేశాం, గాలి ఇంకా రాలేదు. మొదటి పాదం. బావుంది, అందులో అబద్ధం లేదు. వెన్నెల వచ్చి బురద మీద కూర్చుంది. బురద కాదు. బురద ఎక్కణ్ణించి వచ్చింది, తీసెయ్. కానీ బురద మీద వెన్నెల పడితే చూడాలి, తడి ఆరని గట్టంతా ఒకటే మెరుపు, మధ్యలో బాతులు నడిచిన అడుగులు నల్లగా, అందులో మోకాళ్ళదాకా దిగి మేమిద్దరం, నేనూ మా అక్కా, పీతల బొరియల్లో చేతులు పెట్టి. పున్నమికి పీతలు పట్టకూడదనేవాళ్ళు మా వాళ్ళు, పున్నమి పీత లోపల డొల్ల, మాంసం ఉండదు, వెన్నెలకి భయపడి మేత మానేస్తుందట, పట్టినా కొనేవాడుండడు. నేను పున్నమినాడు పుట్టాను. ఎముకలు బయటికొచ్చి కాళ్ళూ చేతులూ మాత్రం ఆడిస్తూ ఉన్నానట, అక్క చూసి పీత అంది, అప్పటికి దానికే ఏడేళ్ళు నిండలేదు, ఆ పేరే ఖాయమైపోయింది. దిష్టి తగలకుండా ఉంటుందన్నారు. అమ్మ పురిట్లోనే పోయింది, నాన్న వలల మీదే ఉండేవాడు, అన్నం పెట్టిందీ ముడ్డి కడిగిందీ అక్కే. చాలు. బురద తీసెయ్. వెన్నెల వచ్చి చాప మీద కూర్చుంది. ఆఁ, చాప. చాప పెద్దమనుషులది. బాతుల్ని కూడా తీసెయ్, కావాలంటే హంసల్ని పెట్టు, వద్దు, హంసలు మరీ అరిగిపోయాయి. మా కొండ మీద, దేవదారుల కింద, ఈ వేళకి. ఈ వేళకి ఏమవుతుంది? ఈ వేళకి ఆ కొండ మీద ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది? ఆ చెట్ల కింద నాకు తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

అప్పుడు వినబడింది. ముందు మాటలు కాదు, ఆ సాగదీయడం, చివర పైకి లేచి ఠక్కున తెగిపోయే ఆ కేక. తామరదుంపలో, బియ్యం కూరిన తామరదుంపలో, వేడి వేడీ. రేవులో కట్టిన పడవల మధ్య ఎక్కడో ఒక చిన్న దోనె తిరుగుతోంది, దీపం కూడా పెట్టలేదు, వెన్నెలే చాలనుకుంది కాబోలు, పిసినారి. మా అక్క పిసినారి. గొంతు ముదిరింది, గొంతులో జీర వచ్చింది, అయినా అదే తెగడం, పిలిస్తే ఊరంతా వినపడేది, పీతా అన్నానికి రారా అంటే రెల్లులో పక్షులు లేచేవి. కాదేమో. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ అలాగే అరుస్తారు. కాదు, అదే. నా వేళ్ళు గిన్నె అంచుని ఎందుకలా పట్టుకున్నాయి, వదులు, అన్నగారు చూస్తారు. అదిగో పక్క పడవ దగ్గర ఆగింది, వాళ్ళతో ఏదో మాట్లాడుతోంది, వాళ్ళు లేదు లేదంటున్నారు. ఏమడిగింది? తిరిగి వెళ్ళిపోతే బావుండు. వెళ్ళిపోతే నేను చచ్చిపోతాను. ఏమిటీ మనసు, ఒక్క మాట మీద నిలబడదు. మా చాప మీది దీపాన్ని కొంచెం అటు జరిపాను, నీడ నా మొహాన పడేలా. అది జరిపిన చేతిని చూసుకుంటే అసహ్యమేసింది, దొంగ కూడా ఇంత నేర్పుగా చేయడు.

"తామరదుంపలు కావాలా బాబూ?" దోనె మా పడవకి తగిలింది. తల నెరిసింది. నడుం వంగింది. దవడ మాత్రం అలాగే ఉంది, మొండిది, ముందుకొచ్చి. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి, నేను అప్పుడు మీసం రాని పిల్లవాణ్ణి, ఇప్పుడు నాకు గడ్డం, నల్ల టోపీ, పట్టు నడికట్టు, రాజధాని ఉచ్చారణ. గుర్తుపట్టదు. గుర్తుపట్టదని ధైర్యం వచ్చింది, ధైర్యం వెంటే ఏడుపొచ్చింది, రెండూ మింగేశాను.

"వేడిగా ఉన్నాయా?" అడిగారు అన్నగారు.

"ఇప్పుడే దింపానండి. నోరు కాలుద్ది, సూసుకు తినండి."

అన్నగారికి భలే నచ్చింది ఆ యాస. "సూసుకు తినండి!" అని తనూ అన్నారు, గొంతు సాగదీసి, పిల్లాడిలా. పడవవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది, "దొరగారు మా మాట బాగానే పలుకుతున్నారే, మా ఊరి సంబంధం సూడమంటారా?" అంది. అన్నగారు తొడ చరిచి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బావుండదు కదా. ఈ యాసని వదిలించుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు, నాలుక కింద గులకరాయి పెట్టుకుని గోడతో మాట్లాడేవాణ్ణి, కలలో కూడా పాత మాట రాకుండా పళ్ళు బిగించి పడుకునేవాణ్ణి. ఆయనకి అది ఆట, ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

"బాబూ, మీరు రాజధానోళ్ళేనా?" దోనె అంచు పట్టుకుని అడిగింది అక్క. "మా తమ్ముడున్నాడండి అక్కడ. పెద్ద సదువు సదువుతాడని ఎల్లాడు, ఇరవయ్యేళ్ళు దాటిపోయింది. పెద్దోళ్ళ పడవ ఏదొచ్చినా నేనడుగుతా, ఏమనుకోకండి."

"పేరేమిటమ్మా?"

"ఆళ్ళ బళ్ళో ఏదో పేరెట్టారండి, నాకు నోరు తిరగలేదు, మర్సిపోయా. మేమైతే పీత అంటాం."

"పీత!" అన్నగారు నా వైపు తిరిగారు, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతూ. "విన్నావా తమ్ముడూ? రాజధానిలో పీతగారు. మన కొలువులో ఉన్నాడేమో, పక్కగా నడిచేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు."

"ఉన్నారు అన్నగారూ," అన్నాను. నా గొంతేనా అది, ఎంత నున్నగా ఉంది.

"ఇంకేం వస్తాడమ్మా," అన్నారు అన్నగారు, నవ్వు తగ్గించి, జాలిగానే. "ఇన్నేళ్ళయిందంటున్నావు. అక్కడ పెళ్ళీ పిల్లలూ అయి ఉంటారు."

"అయితే మంచిదే కదండీ. పిల్లల్ని తీసుకునే రమ్మనండి. ఆడెప్పుడొచ్చినా ఈ రేవుకే రావాలి, ఇంకో దారి లేదు. ఎన్నెల బాగున్న రోజైతే ఏదో అలికిడయినట్టుంటది, లేసి తలుపు తీసి సూత్తాను, ఎవురూ ఉండరు, మళ్ళీ ఏసుకుంటాను. మా ఆయన తిడతాడు, దోమలొత్తన్నాయని." నవ్వేసింది. "ఎన్ని కావాలి దుంపలు?"

నేను మనిషిని కాదు. నిజంగా కాదు. ఎందుకంటే అది ఆ మాట అంటుండగానే, నా గుండె ఒకవైపు పగులుతుండగానే, రెండోవైపు ఎవడో కూర్చుని, ఆఁ దొరికింది, నాలుగో పాదం దొరికింది అన్నాడు. వాణ్ణి పోషించింది నేనే. పద్యం మొత్తం కళ్ళముందు నిలబడింది, ఎక్కడా ఒక అక్షరం కదపక్కర్లేదు. అన్నగారు నా మొహం చూసి కనిపెట్టేశారు, ఆయనకా విద్య ఉంది, "వచ్చింది! వచ్చిందిరోయ్! అమ్మా, నువ్వు కూడా ఉండి విను, ఈయన ఎవరనుకున్నావు, ఈయన పద్యం దేశమంతా పాడుతుంది" అన్నారు. అక్క తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బడిలో వల్లె వేసిన పాఠాలు నేను అప్పజెబుతుంటే సరిగ్గా అలాగే కూర్చునేది, పనేదో చేతిలో పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. వద్దు అనాల్సింది. కడుపులో నొప్పి అనాల్సింది. చదివాను. నెమ్మదిగా, దానికి అర్థమయ్యేలా, ఎందుకో మరి దానికి అర్థమవ్వాలనిపించింది.

పడవ కట్టేశాం, గాలి ఇంకా రాలేదు,
వెన్నెల వచ్చి చాప మీద కూర్చుంది.
మా కొండ మీద, దేవదారుల కింద, ఈ వేళకి
ఎవరో తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసుకుంటారు.

పడవ అంచుని నీళ్ళు కొడుతున్నాయి. అన్నగారు మొహం పక్కకి తిప్పుకున్నారు, తన తాత వదిలేసి వచ్చిన ఇంటి తలుపు ఆయనకి కనబడుతున్నట్టుంది. నేను అక్కని చూడకూడదనుకుంటూనే చూశాను. తన మాటలు తనకి తెలియకుండా ఉంటాయా, ఇప్పుడే, ఈ చాప పక్కనే, తన నోటి నుంచి ఊడబెరికి ఎక్కడో ఎవరూ చూడని కొండకి తగిలించేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. అది కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మీ ఊళ్ళోనూ నాలాంటిది ఒకత్తుందన్నమాట," అంది. "మీ అక్కా బాబూ? పెద్దదేనా? పాపం, ఎల్లి రాకూడదూ ఒకపాలి? నా మాట ఇనండి, ఎల్లండి. మీరేం తేనక్కర్లేదు. ఊరికే మొకం సూపిత్తే సాలు." దోనెలోంచి వేడివేడి దుంప ఒకటి తీసి, ఆకులో పెట్టి, చెయ్యి చాచి నా ముందు పెట్టింది. "ఇది ఊరికేనే. తినండి బాబూ, సిక్కిపోయి ఉన్నారు."

చిక్కిపోయానట. పట్టు నడికట్టు కింద నా పొట్ట ఇంత ఉంది, వెన్నెల్లో కనిపించడం లేదా దీనికి. ఇంటికి దూరంగా ఉన్నవాడెవడైనా దానికి చిక్కినట్టే కనబడతాడు కాబోలు. ఇంక ఆగలేదు. ఏం పోతుంది, కొలువు పోతుంది, అన్నగారు తమ్ముడూ అనడం పోతుంది, ఆ పద్యం పాడినవాళ్ళంతా ఉమ్మేస్తారు, ఉమ్మనీ. రాజధానికి తిరిగి మొహం చూపించలేను, చూపించకపోతే పోనీ. అదిగో అది తెడ్డు చేతిలోకి తీసుకుంటోంది. ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనను. లోపల ఎక్కడో అణిగిపోయిన నాలుక కదిలింది, గులకరాయి లేదు, పళ్ళ బిగింపు లేదు, నా అసలు గొంతుతో, పాత యాసతో, చాప మీంచి లేచి నిలబడి అన్నాను.

"అక్కా, నేనేనే. పీతని. వొచ్చేసానే."

అన్నగారు ఘొల్లున నవ్వారు. సారా ఒలికిపోయింది, తెరచాప దగ్గర పడుకున్న పడవవాళ్ళు లేచి కూర్చుని మరీ నవ్వారు. "అబ్బబ్బ! అచ్చు దించేశావయ్యా!" అన్నగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "నేనన్నదేముంది, నువ్వు చూడు, ఆ వొచ్చేసానే అన్నది చూడు! పద్యంతో ఏడిపించి మళ్ళీ వెంటనే ఇలాగా? ఇంతకాలం ఈ విద్య నా దగ్గర దాచావా తమ్ముడూ!" నేను కాదు కాదని చేతులు ఊపుతున్నాను, చేతులూపడం కూడా వేషంలో భాగంలాగే ఉంది కాబోలు, ఇంకా నవ్వారు.

అక్క నవ్వలేదు. దాని మొహం మీదే పడుతోంది వెన్నెలంతా, ఏదీ దాగడం లేదు. "దొరగారు మా మాటని ఎక్కిరించారు, నేనేమన్నా అన్నానా బాబూ," అంది, మెల్లగా. "మాటది ఏముంది. ఆణ్ణి పట్టుకుని ఆడకండి. మీరు మంచోరనుకున్నాను."

తెడ్డు నీళ్ళలో ఆనించింది. ఆనించి, దోనె తిప్పబోయి, ఆగింది. మళ్ళీ నా వైపు చూసింది. మెడ కొంచెం ముందుకి చాచి, కళ్ళు చిట్లించి, నా టోపీ కింద, గడ్డం వెనక వెతుకుతున్నట్టు. ఎక్కడో ఏదో తగిలింది దానికి. ఆ గొంతు ఎక్కడిదని అడుగుతోంది ఆ చూపు. చెప్పడానికి ఎన్ని లేవు నా దగ్గర, నాకు అమ్మవారు పోసినప్పుడు అది నా పక్కన పాడిన పాట, నాన్న వల చింపి ఇద్దరం రెల్లులో దాక్కున్న రోజు, దాని ఎడమ మోచేతి మీద నేను కొరికిన గాటు. ఒక్కటి చెబితే చాలు. ఒక్కటి. నోరు తెరిచాను.

"ఏదీ, ఏదీ," అన్నారు అన్నగారు, నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా. "మళ్ళీ ఒక్కసారి అను తమ్ముడూ. పడవ వెనకవాళ్ళు వినలేదు."

మళ్ళీ అన్నాను. అక్కా, నేనేనే, పీతని, వొచ్చేసానే. ఈసారి గొంతు కీచుగా పెట్టి, మెడ ఊపి, ఆ చివరి మాటని ఇంత పొడుగున సాగదీసి అన్నాను. పడవ వెనకవాళ్ళు కూడా నవ్వారు. దోనె తిరిగింది, పక్క పడవల నీడల్లోకి పోయింది. మొదటిసారి కంటే ఇదే బాగా వచ్చిందన్నారు అన్నగారు.